ఐఎస్ఓ ఫైల్ ఇచ్చేసి ఊరుకుంటే సరిపోదు: కొత్తవాళ్లకు దారి చూపే డౌన్‌లోడ్ పేజీ

మీరు అడిగింది ఇది: డెబియన్ అనే పాత, పెద్ద లినక్స్ ప్రాజెక్టు ఆధారంగా ఒక చిన్న లినక్స్ డిస్ట్రో (లినక్స్‌తో తయారైన పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్) తయారు చేస్తున్నారు. డౌన్‌లోడ్ పేజీలో పదకొండు ఐఎస్ఓ ఫైళ్లు (సిస్టమ్ పెట్టుకోవడానికి కావాల్సిందంతా ఒకే ఫైల్‌గా మూటగట్టినవి) ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు తప్పు ఫైల్ దించుకుంటున్నారు, లేదంటే దించుకున్నాక ఏం చేయాలో తెలియక వదిలేస్తున్నారు. పేజీ డిజైన్ మార్చి, బటన్ పెద్దది చేసి, రంగు మారిస్తే ఫలితం ఉంటుందా అని మీ ప్రశ్న. పని చేసేది ఇద్దరే వాలంటీర్లని, సైట్ మొత్తం స్టాటిక్ (సర్వర్‌లో ప్రోగ్రామ్ ఏదీ నడవని) పేజీలేనని కూడా చెప్పారు.

బటన్ రంగు మార్చడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అసలు ఇబ్బంది ఏంటంటే, ఇలాంటి పేజీలు చాలావరకు బిల్డ్ సర్వర్ (ఈ ఫైళ్లను తయారు చేసే కంప్యూటర్) ఏమేం తయారు చేసిందో ఆ జాబితానే చూపిస్తాయి. వచ్చిన మనిషి మనసులో ఉండే ప్రశ్నలు వేరు. "నా కంప్యూటర్‌కి వీటిలో ఏది? పెట్టుకుంటే నా ఫొటోలు, ఫైళ్లు పోతాయా? దించుకున్నాక ఏం చేయాలి?" మీ పేజీ ఈ మూడింటికి, ఇదే వరుసలో జవాబు చెప్పాలి. ఫైల్ చేతికి రావడం మధ్యలో ఒక మెట్టు మాత్రమే. తన మెషిన్ మీద మీ డెస్క్‌టాప్ కనిపించేదాకా ఆ మనిషికి మీ పేజీయే దిక్కు.

నేను పన్నెండేళ్లుగా లినక్స్ పెట్టుకోవాలనుకునేవాళ్లకు సాయం చేస్తున్నాను. అందులో ఐదేళ్లు ఒక డిస్ట్రో డౌన్‌లోడ్ పేజీ బాధ్యత నాదే. ఆ రోజుల్లో ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారి పక్కన కూర్చుని, ఏమీ సాయం చేయకుండా, ఆయన మా పేజీని ఎలా వాడతారో చూశాను. ఆయన ముందుగా తన ల్యాప్‌టాప్ మీద ఉన్న స్టిక్కర్ చదివారు. తర్వాత పేజీలో "ఏఎండీ64" అని ఉన్న మొదటి లింక్ చూసి, "నాది ఇంటెల్ అండీ, ఇది నాకు కాదు" అన్నారు. కిందకి జరిపారు. "ఐ386" కనిపించింది. "ఐ అంటే ఇంటెలే అయ్యుంటుంది" అని దాన్ని నొక్కారు. ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. ఉన్న ఆధారాలతో ఎవరైనా చేసే లెక్కే అది. ఆ ఫైల్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నారు, కానీ మెషిన్ బూట్ అవ్వలేదు. 64 బిట్ యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న ల్యాప్‌టాప్ అది, దించుకున్నది 32 బిట్ ఫైల్. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆయన సమయమంతా ఆ ఒక్క పేరు వల్ల వృథా అయింది.

ఆ పేరు వెనక కథ మనకు తెలుసు. 64 బిట్ x86 డిజైన్‌ను 1999లో ప్రకటించింది ఏఎండీ. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో మార్కెట్లోకి తెచ్చిందీ ఏఎండీయే. తర్వాత ఇంటెల్ కూడా అదే దారిలోకి వచ్చింది. డెబియన్ కుటుంబంలో మాత్రం ఏఎండీ64 అనే పేరే నిలిచిపోయింది. ఇంకోచోట దాన్నే x86_64 అంటారు, మరోచోట x64 అంటారు. ఆర్మ్ చిప్‌ల సంగతీ అంతే, ఆర్మ్64 అన్నా ఏఆర్చ్64 అన్నా ఒకటే. చరిత్రగా ఇదంతా బాగుంటుంది గానీ, డౌన్‌లోడ్ పేజీలో మొదటి పదంగా మాత్రం ఉండకూడదు. అక్కడ "ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉన్న మామూలు పీసీ, ల్యాప్‌టాప్" అని రాయండి. ఫైల్ పేరులో ఏఎండీ64 అలాగే ఉండనివ్వండి. కాకపోతే బటన్ కిందనే "ఫైల్ పేరులో ఏఎండీ అని ఉన్నా ఇంటెల్ మెషిన్లకూ ఇదే" అని ఒక వాక్యం చేర్చండి. ఈ వాక్యం పెట్టాక మాకు వచ్చే మెయిళ్లలో ఒక రకం ప్రశ్న దాదాపుగా ఆగిపోయింది.

మీ పదకొండు ఫైళ్లలో ఐ386వి రెండున్నాయి. వాటిని ఈ పేజీలోంచి తీసేయమంటాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి ఐ386కు ఇన్‌స్టాలరే లేదు, అధికారిక కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కూడా లేదు. మీరు ఆధారపడేది డెబియన్ మీదే కాబట్టి, ఆ ఫైళ్లు ఎటూ పాతబడిపోయేవే. పాత మెషిన్లు ఉన్నవాళ్ల కోసం వేరే పేజీలో ఉంచి, అక్కడే పరిస్థితి వివరంగా చెప్పండి.

మిగతా తొమ్మిదింటిలో పైన కనిపించాల్సింది ఒక్కటే. నిజంగా ఒక్కటే. ఏది పెట్టాలో మీ బృందం కూర్చుని తేల్చుకోవాలి. అది తేల్చుకోలేకే చాలా బృందాలు అన్నింటినీ పక్కపక్కన పేర్చి "మీకు నచ్చింది ఎంచుకోండి" అంటాయి. ఎంచుకోవడానికి కావాల్సిన అనుభవం లేనివాళ్లనే మనం ఆ మాట అడుగుతున్నాం. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌ల మధ్య తేడా తెలిసినవాళ్లు రెండో పేజీకి వెళ్లి వెతుక్కోగలరు, వాళ్ల గురించి బెంగ అక్కర్లేదు. డెబియన్ లాంటి పాత, పెద్ద ప్రాజెక్టు కూడా 2020 డిసెంబర్‌లో తన ముందు పేజీని మార్చినప్పుడు నేరుగా ఫైల్ వచ్చే డౌన్‌లోడ్ బటన్ ఒకటి అక్కడే పెట్టింది. అంతకుముందు ఎన్ని పేజీలు తిరగాల్సి వచ్చేదో ఆ రోజుల్లో వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

పైన పెట్టిన ఆ ఒక్క ఫైల్ కొత్తవాళ్ల మెషిన్ మీద పని చేసి తీరాలి. ఇదీ డెబియన్ అనుభవమే. చాలా ఏళ్ల పాటు అక్కడి అధికారిక ఐఎస్ఓలో స్వేచ్ఛా లైసెన్స్ లేని ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి భాగాలను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) ఉండేది కాదు. ఫర్మ్‌వేర్ లేకపోతే చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పని చేయదు. ఆ ఫర్మ్‌వేర్ కలిపిన ఫైల్ వేరేగా, అనధికారికం అనే పేరుతో ఎక్కడో లోపల ఉండేది. అది ఉందని తెలిసినవాళ్లు దాన్ని వాడుకునేవాళ్లు. తెలియనివాళ్లు పెద్ద బటన్ నొక్కి, ఇన్‌స్టాల్ మధ్యలో "నెట్‌వర్క్ దొరకలేదు" అనే తెర ముందు ఆగిపోయేవాళ్లు. దాని మీద డెబియన్ సభ్యులు 2022లో ఓటింగ్ పెట్టుకుని విధానం మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అధికారిక ఫైల్‌లోనే ఫర్మ్‌వేర్ వస్తోంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విలువల మీద నమ్మకం ఉన్నవాళ్లకు అది తేలికైన నిర్ణయం కాదు. ఆ చర్చ జరగడం మంచిదే. కానీ ఎన్ని వ్యాసాలు రాసినా, పేజీని ఎంత తీర్చిదిద్దినా దక్కని సౌకర్యం ఆ ఒక్క మార్పుతో కొత్తవాళ్లకు దక్కింది. మీ నెట్‌ఇన్‌స్ట్ ఫైల్‌ను కూడా పెద్ద బటన్ కింద పెట్టకండి. ఇన్‌స్టాల్ చేసే సమయానికి ఇంటర్నెట్ ఉంటేనే అది పనికొస్తుంది. లైవ్ డెస్క్‌టాప్ ఉన్న పూర్తి ఫైల్ పెట్టండి. సైజు ఎక్కువైనా సరే. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, వైఫై, సౌండ్ పని చేస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

పేజీ తనంతట తానే కంప్యూటర్‌ను గుర్తుపట్టి సరైన ఫైల్ చూపిస్తే బాగుంటుంది కదా అని మీ బృందంలో ఒకరు అన్నారని రాశారు. కొంతవరకే అది కుదురుతుంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10 పేజీ ఇలాగే చేసేది. విండోస్ నుంచి వెళ్తే పెన్‌డ్రైవ్ తయారు చేసే టూల్ చూపించేది, లినక్స్ నుంచో మ్యాక్ నుంచో వెళ్తే నేరుగా ఐఎస్ఓ ఇచ్చేది. కానీ బ్రౌజర్ చెప్పే వివరాలు ప్రాసెసర్ విషయంలో నమ్మదగినవి కావు. యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లో కూడా సఫారీ, క్రోమ్ తమను "ఇంటెల్ మ్యాక్" అనే చెప్పుకుంటాయి. ఆర్మ్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ x64 అంటుంది. పైగా ఫైల్ దించే మెషిన్, ఇన్‌స్టాల్ చేసే మెషిన్ ఒకటే కావాలని ఏముంది? పాడైన కంప్యూటర్‌ను బాగుచేసుకోవడానికి పక్కవాళ్ల కంప్యూటర్‌లో దించుకునేవాళ్లు బోలెడంతమంది. అందుకని బ్రౌజర్ చెప్పిన దాన్ని బట్టి పెన్‌డ్రైవ్ తయారు చేసే సూచనల్లో ఏది ముందు చూపించాలో నిర్ణయించుకోండి, అంతే. విండోస్ నుంచి వచ్చినవాళ్లకు విండోస్ సూచనలు తెరిచి ఉంచండి, మిగతావి మూసి ఉన్నా కనిపించాలి. ఫైళ్లను దాచడానికి మాత్రం దాన్ని వాడొద్దు.

రెండు సందర్భాల్లో మాత్రం గుర్తుపట్టడం నిజంగా పనికొస్తుంది. ఒకటి ఫోన్. ఫోన్‌లో మీ పేజీ తెరిచినవాళ్లకు ఐదారు జీబీల ఐఎస్ఓ వల్ల ఉపయోగం లేదు, వాళ్ల డేటా మాత్రం అయిపోతుంది. అక్కడ పెద్ద బటన్ బదులు "ఈ లింక్‌ను మీ కంప్యూటర్‌కు పంపుకోండి" అని పెట్టి, ఏమేం సిద్ధం చేసుకోవాలో చూపించండి. రెండోది మ్యాక్. 2020 చివర్లో మొదలైన ఎం సిరీస్ చిప్ మ్యాక్‌లలో మీ ఫైల్ నేరుగా బూట్ అవ్వదు. బ్రౌజర్ మ్యాక్ అని చెప్పగానే ఆ మాట పైనే రాసేయండి. రెండు గంటలు పోయాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

ఇక మాటల విషయం. ఎల్‌టీఎస్, స్టేబుల్, టెస్టింగ్, నైట్లీ, పాయింట్ రిలీజ్: ఇవన్నీ మన లోపలి మాటలు. వాటి స్థానంలో తేదీ రాయండి. "ఈ వెర్షన్‌కు ఫలానా నెల, ఫలానా సంవత్సరం దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి" అంటే చదివినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఉబుంటు అనే డిస్ట్రో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే) విడుదలకు మామూలుగా ఐదేళ్లు, ఫెడోరా అనే డిస్ట్రో ఒక్కో విడుదలకు సుమారు 13 నెలలు అప్‌డేట్లు వస్తాయి. కొత్తవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది, కానీ ఎల్‌టీఎస్ అనే మూడక్షరాల్లో అది వాళ్లకు కనిపించదు. సర్వర్ ఎడిషన్‌ను డెస్క్‌టాప్ పక్కన పెట్టకండి. "సర్వర్ అంటే ఇంకా పవర్‌ఫుల్ అనుకున్నాను" అని దాన్ని దించుకుని, నల్ల తెర మీద లాగిన్ అడిగేసరికి ఏదో పాడైందని కంగారుపడ్డవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. ఫైల్ దిగింది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కూర్చుంది. చాలామంది ప్రయాణం ఇక్కడే ఆగిపోతుంది, మీ పేజీలో మాత్రం దీని గురించి ఒక్క ముక్క లేదు. "డాక్యుమెంటేషన్ చూడండి" అనే లింక్ ఒకటి ఉంది, అది వికీ ముందు పేజీకి తీసుకెళ్తోంది.

ఐఎస్ఓ అనేది సీడీల కాలం నాటి పద్ధతి. అప్పట్లో ఫైల్‌ను సీడీకి రాసుకుంటే పని అయిపోయేది, రాసే సాఫ్ట్‌వేర్ చాలా మెషిన్లలో ఉండేది. ఉబుంటువాళ్లు 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లకు సీడీని పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు కూడా. 2012లో వచ్చిన 12.10తో ఉబుంటు 700 ఎంబీ సీడీ హద్దు దాటేసింది, ఇప్పుడు 24.04 డెస్క్‌టాప్ ఫైల్ 5 జీబీ పైనే ఉంది. సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది గానీ, ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి "కాపీ చేయడం" వేరు, "రాయడం" (పెన్‌డ్రైవ్ నుంచే మెషిన్ మొదలయ్యేలా చేయడం) వేరు అనే సంగతి చెప్పేవాళ్లు లేరు.

కొత్తవాళ్లు సరిగ్గా ఏం చేస్తారో చెప్తాను, ఎందుకంటే ఇది పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియదు. ముందు ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తారు. విండోస్ దాన్ని ఒక డ్రైవ్‌లా తెరుస్తుంది, లోపల ఫోల్డర్లు కనిపిస్తాయి. మెషిన్‌లో విన్‌రార్ లాంటిది ఉంటే అదే ఫైల్ జిప్ ఫైల్‌లా కనిపిస్తుంది, "ఎక్స్‌ట్రాక్ట్" కొడతారు. ఆ ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి లాగుతారు. ఇంకొందరు ఐఎస్ఓ ఫైల్‌నే కాపీ చేయబోతే, "ఫైల్ మరీ పెద్దది" అనే మెసేజ్ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా ఈ మెసేజ్ వస్తుంది, ఎందుకంటే అది ఎఫ్ఏటీ32లో ఉంది, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. వాళ్లకు ఆ లెక్క తెలియదు కాబట్టి పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు.

సరే, ఎవరో చెప్తే రూఫస్ లేదా బలేనా ఎచర్ (పెన్‌డ్రైవ్‌కు ఐఎస్ఓ రాసే టూల్స్) దించుకుని సరిగ్గానే రాశారనుకోండి. రాయడం వంద శాతం పూర్తయిన మరుక్షణం విండోస్ ఒక డబ్బా చూపిస్తుంది: "ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి." దాని కింద ఫార్మాట్ అనే బటన్. లినక్స్ పార్టిషన్‌ను విండోస్ చదవలేకపోవడం వల్ల వచ్చే మెసేజ్ అది, తప్పేమీ జరగలేదు. కానీ కంప్యూటర్ అడుగుతోంది కదా అని ఫార్మాట్ నొక్కేస్తారు. అప్పటిదాకా చేసిందంతా అక్కడితో పోతుంది. ఒక అమ్మాయి నా ముందే వరసగా మూడుసార్లు రాసింది, మూడుసార్లూ ఫార్మాట్ నొక్కింది. మూడోసారి "ఇది నావల్ల కాదు" అని లేచిపోబోయింది. ఆ తెలివైన పిల్ల చేతిలో లోపమేమీ లేదు. "విండోస్ ఫార్మాట్ చేయమంటుంది, క్యాన్సిల్ నొక్కండి" అని ఒక్క వాక్యం మా పేజీలో లేకపోవడమే లోపం. ఆ రాత్రే ఆ వాక్యం చేర్చాను, పక్కన ఆ డబ్బా స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను.

వీటన్నింటికీ మంచి పరిష్కారం ఫైల్ దించడం, సరిచూడడం, పెన్‌డ్రైవ్‌కు రాయడం ఒకే టూల్ చేయడం. ఫెడోరా మీడియా రైటర్ ఇలాంటిదే, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. పని అయ్యాక పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మామూలుగా వాడుకునేలా చేసే ఆప్షన్ కూడా అందులో ఉంది. రాసిన తర్వాత పెన్‌డ్రైవ్ సైజు విండోస్‌లో కొద్ది ఎంబీలుగానే కనిపించి, పాడైపోయిందేమో అని టెన్షన్ పడేవాళ్లకు ఆ ఆప్షన్ పెద్ద ఊరట. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు తయారు చేసేవాళ్లు 2020లో ఇమేజర్ అనే ఇలాంటి టూల్ తెచ్చారు. "ఏ బోర్డు, ఏ సిస్టమ్, ఏ కార్డు" అనే మూడు ప్రశ్నలతోనే దాదాపు పని ముగించేస్తుంది. ఐఎస్ఓ అనే మాట వినకుండానే కొత్తవాళ్లు మెషిన్ నడిపించుకోగలుగుతున్నారు.

మీరిద్దరే కాబట్టి సొంత టూల్ రాయమని చెప్పను. ఉన్నవాటిలో ఒక్కదాన్ని ఎంచుకోండి, ఆ ఒక్కదానికే బొమ్మలతో సూచనలు రాయండి. ఎచర్‌లో అడిగే ప్రశ్నలు తక్కువ, అందుకని కొత్తవాళ్లకు నేను దాన్నే చెప్తాను. రూఫస్ మంచి టూల్, నేను రోజూ వాడతాను. కానీ అది డిస్క్ అమరిక జీపీటీనా ఎంబీఆర్‌నా అని, రాసే పద్ధతి ఐఎస్ఓ మోడా డీడీ మోడా అని అడుగుతుంది. రూఫస్ చెప్పాలనుకుంటే ఆ ప్రశ్నలు వచ్చినప్పుడు మీ ఫైల్‌కు ఏది నొక్కాలో మీరే పరీక్షించి రాయాలి. "మీకు తగినది ఎంచుకోండి" అని రాయకండి.

ఈ సూచనలు ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. డౌన్‌లోడ్ బటన్ నొక్కగానే ఫైల్ దిగడం మొదలవ్వాలి, పేజీ మాత్రం తర్వాతి మెట్టు చూపించే పేజీకి మారాలి. ఐదు జీబీలు దిగేదాకా ఎలాగూ ఎదురుచూడాలి. ఆ ఇరవై నిమిషాలో గంటో, చదవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. స్టాటిక్ సైట్‌లో కూడా ఇది తేలికే, బటన్ లింక్‌ను "ధన్యవాదాలు" పేజీకి ఇచ్చి, ఆ పేజీ తెరుచుకోగానే ఫైల్ మొదలయ్యేలా చేస్తే చాలు. ఒకవేళ మొదలవ్వకపోతే నొక్కడానికి మామూలు లింక్ కూడా అక్కడే ఉంచండి. విరాళం అడగాలన్నా ఇక్కడే అడగండి. ఉబుంటు 2012 అక్టోబర్‌లో డెస్క్‌టాప్ డౌన్‌లోడ్‌కు ముందే విరాళం పేజీ పెట్టింది. డబ్బు అవసరం నాకు తెలుసు, వాలంటీర్ల సర్వర్ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. అయినా బటన్‌కూ ఫైల్‌కూ మధ్యలో డబ్బు మాట వస్తే, ఇది ఉచితం కాదేమో అని వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారు. ఫైల్ దిగడం మొదలయ్యాక అడిగితే ఆ అనుమానం రాదు.

నొక్కకముందే చెప్పాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి, వీటిని మాత్రం తర్వాతి పేజీకి నెట్టకండి. ఎంత పెద్ద పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కంప్యూటర్‌లోని ముఖ్యమైన ఫైళ్లకు ముందే బ్యాకప్ తీసుకోవాలి. నాలుగోది చాలా సైట్లు మర్చిపోతాయి. విండోస్ మెషిన్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ (ఆమోదం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చేది) లాంటి సెట్టింగ్ మార్చిన తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ఎక్కడుందో తెలియకపోతే ఆ మనిషి తన ఫైళ్లను తానే తెరవలేడు. చాలామందికి తమ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని కూడా తెలియదు, కొన్న రోజే ఆన్ అయి వచ్చి ఉంటుంది. "మొదలుపెట్టే ముందు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి" అనే వాక్యం పైనే, బటన్‌కు ఆనుకుని ఉండాలి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయాక లినక్స్ వైపు చూస్తున్నవాళ్లలో కంప్యూటర్ సెట్టింగులు ఎప్పుడూ తాకనివాళ్లు ఎక్కువ. వాళ్లకున్నది ఒకటే కంప్యూటర్, అందులోనే ఇంటిల్లిపాది ఫొటోలుంటాయి. మన పేజీని నమ్మి దాన్ని మన చేతుల్లో పెడుతున్నారు. వాళ్ల భయాన్ని తీసిపారేయొద్దు.

బూట్ మెనూ (మెషిన్ దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే తెర) గురించి కూడా అంతే స్పష్టంగా రాయండి. ఎఫ్12, ఎఫ్2, ఎఫ్10, ఎస్కేప్, డిలీట్: కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి ఏదైనా కావచ్చు. "మెషిన్ ఆన్ చేసిన వెంటనే ఈ కీని ఆగకుండా పదేపదే నొక్కండి" అని రాయాలి. "బూట్ సమయంలో తగిన కీ నొక్కండి" అంటే వాళ్లు ఒక్కసారి నొక్కి ఎదురుచూస్తారు. విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది.

చెక్‌సమ్ (దిగిన ఫైల్ అసలుదానితో సరిపోతుందో లేదో చూసుకునే అంకె) విషయంలో నా అభిప్రాయం మీ బృందానికి నచ్చకపోవచ్చు. 64 అక్షరాల షా256 అంకెను పెద్ద బటన్ కింద పెట్టొద్దు. కొత్తవాళ్లకు అది ఏదో పాస్‌వర్డ్‌లా కనిపిస్తుంది, దాన్ని ఎక్కడో టైప్ చేయాలనుకుంటారు. అంటే భద్రత అక్కర్లేదని కాదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే డిస్ట్రో సైట్‌లోకి ఎవరో చొరబడి, 17.3 సినమన్ ఎడిషన్ లింక్‌ను దొంగచాటు బ్యాక్‌డోర్ ఉన్న ఐఎస్ఓకు మళ్లించారు. ఆ రోజు దించుకున్నవాళ్లు సైట్‌ను నమ్మే దించుకున్నారు. సైట్‌నే చేతిలోకి తీసుకున్నవాడు అదే పేజీలోని చెక్‌సమ్‌ను కూడా మార్చగలడు. ఫైల్ దిగేటప్పుడు మధ్యలో పాడైందో లేదో తెలుసుకోవడానికి చెక్‌సమ్ పనికొస్తుంది, మోసాన్ని పట్టుకోవాలంటే మాత్రం వేరేచోట భద్రంగా ఉన్న కీతో చేసిన సంతకం ఉండాలి. కొత్తవాళ్లు జీపీజీ (అలాంటి సంతకాలు సరిచూసే టూల్) నేర్చుకుని ఆ సంతకం సరిచూస్తారనుకోవడం అత్యాశ. అందుకే ఈ పని టూల్‌లో జరగాలంటాను. అప్పటిదాకా "ఫైల్ సరిగ్గా దిగిందో లేదో చూసుకోవడం ఎలా" అనే లింక్‌తో ఒక పేజీ పెట్టి, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ కాపీ చేసుకోగలిగే ఒక్కొక్క కమాండ్ ఇవ్వండి. సంతకం ఫైళ్లు, కీ వివరాలు అందులోనే పూర్తిగా ఉండాలి. తెలిసినవాళ్లు అక్కడికి వెళ్తారు.

మిర్రర్ల (అవే ఫైళ్లను ఉంచే వేరే సర్వర్ల) జాబితా ముందు పేజీలో అస్సలు వద్దు. దేశాల పేర్లతో నలభై లింకులు చూస్తే ఏది అసలుదో ఏది నకిలీదో అనే అనుమానం వస్తుంది. దగ్గరి సర్వర్‌కు పంపే పని మీ వైపే జరిగిపోవాలి. డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే అక్కడి నుంచే కొనసాగుతుందా అని మాత్రం తప్పకుండా పరీక్షించండి. సర్వర్ రేంజ్ రిక్వెస్టులకు (ఫైల్‌లో మిగిలిన ముక్క మాత్రమే ఇమ్మని అడగడం) జవాబివ్వకపోతే, నాలుగు జీబీల దగ్గర నెట్ పోయినవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. నెమ్మది కనెక్షన్ ఉన్నవాళ్లకు ఇదే పెద్ద అడ్డంకి, పేజీ ఎంత బాగున్నా లాభం లేదు. టొరెంట్ లింక్ ఒకటి పక్కన ఉంచితే వాళ్లకు మేలు.

ఇదంతా చేశాక ఐదుగురిని కూర్చోబెట్టండి. లినక్స్ ఎప్పుడూ చూడనివాళ్లు కావాలి. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ ఇచ్చి, "దీంట్లో ఈ సిస్టమ్ నడిపించి చూపించండి" అని మాత్రమే చెప్పండి. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అనమనండి. మీరు నోరు మెదపకూడదు, చేయి చాపకూడదు. చాలా కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. వాళ్లు ఆగిన ప్రతిచోటా తెర మీద ఏముందో, వాళ్లు ఏమన్నారో మాట మార్చకుండా రాసుకోండి. మాస్టారు అన్న "ఇది నాకు కాదు" లాంటి మాటలే మీకు కావాలి. డౌన్‌లోడ్ల సంఖ్య చూసి సంతోషపడకండి. తప్పు ఫైల్ దించుకుని మళ్లీ వచ్చినవాళ్లు కూడా అందులో రెండుసార్లు లెక్కకొస్తారు. ఐదుగురిలో ఎంతమంది డెస్క్‌టాప్ దాకా చేరారన్నదే లెక్క.

ఇంకొక్క సంగతి. మీ పాత వెర్షన్ విడుదల ప్రకటన ఇంకా అలాగే ఉంది, అందులోని డౌన్‌లోడ్ లింక్ ఇంకా పని చేస్తోంది. సెర్చ్‌లో మీ డిస్ట్రో పేరు కొడితే నాకు ముందు అదే వచ్చింది. అలా వచ్చినవాళ్లు అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్ పెట్టుకుంటారు. ప్రతి పాత పేజీ పైన "ఇది పాత వెర్షన్, కొత్తది ఇక్కడ" అని ఒక పట్టీ పెట్టి, బటన్‌ను కొత్త పేజీకి మళ్లించండి. కొత్త డౌన్‌లోడ్ పేజీ చిరునామాలో వెర్షన్ అంకె పెట్టకండి, ఎప్పటికీ ఒకటే చిరునామా ఉండాలి.

పేజీ మార్చడానికి మీకు కొన్ని వారాలు పట్టొచ్చు. ఫార్మాట్ డబ్బా వస్తే క్యాన్సిల్ నొక్కమనే వాక్యం, ఇంటెల్ మెషిన్లకూ ఇదే ఫైల్ అనే వాక్యం, రికవరీ కీ రాసుకోమనే వాక్యం: ఈ మూడూ ఇప్పుడున్న పేజీలోనే ఇవాళే చేర్చేయండి. కొత్త పేజీ డ్రాఫ్ట్ సిద్ధమయ్యాక లింక్ పెడితే నేను ఒక పాత విండోస్ ల్యాప్‌టాప్ మీద మొదటి నుంచి చివరిదాకా చేసి చూసి, ఎక్కడ ఆగానో రాస్తాను.